గోడ బీటలు – వాటిని పూడ్చిన విద్య

 

రాజుల చరిత్రలను, యుద్ధముల చరిత్రలను మీరు పలుమాఱు వినియుందురు. నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము గోడ బీట. దీనికిని ఒక చరిత్ర కలదా యని కొందఱు నవ్వవచ్చును. కాని మనుష్యుడు గోడ పెట్టిన నాటనే దానికి బీటయు పుట్టినది. బీటతోపాటు దానిని పూడ్చు విద్యయు పుట్టినది. కోటలు కట్టినవారి పేర్లు శాసనములందు నిలిచినవి. కోట గోడకు అతుకు వేసినవాని పేరు ఎక్కడను లేదు. అయినను ఆ అతుకు లేనిచో కోటయు నిలువదు.

కొన్ని యేండ్ల క్రిందట మా కుమారుని చూచుటకై అమెరికా దేశము వెళ్ళియుంటిని. ఒకనాడు మనుమడు ఆటలో తలుపును విసురుగా త్రోయగా, దాని పిడి గోడకు తగిలి కొబ్బరిచిప్ప పట్టునంత బొక్క పడినది. నేను దగ్గఱకు పోయి చూచితిని. లోపల ఇటుక లేదు, రాయి లేదు, మట్టి లేదు; చేయి పెట్టిన చీకటి ఖాళీ మాత్రమే యున్నది. "ఏమిరా, లక్షలు పోసి కొన్న ఇల్లు అట్టపెట్టెయా?" అంటిని. మావాడు నవ్వి, "నాన్నగారూ, ఇక్కడి గోడలిట్లే యుండును. రెండు కాగితముల నడుమ సుద్ద. దీనిని డ్రైవాల్ అందురు. సాయంకాలమునకు నేనే బాగుచేసెదను" అనెను. అంగడినుండి ఒక చుట్ట తెచ్చెను. అది రెండంగుళముల వెడల్పున, జల్లెడవలె గళ్ళు గళ్ళుగా అల్లిన తెల్లని పట్టీ. దానిని మెష్ టేపు అందురట. బొక్కకు ముక్క కూర్చి, అతుకులమీద ఆ పట్టీ అంటించి, పైన లప్పము పెట్టెను. మూడవనాటికి బొక్క యెక్కడనో నాకే తెలియలేదు.

ఆ పట్టీని వ్రేళ్ళతో తడవి చూచినప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె మట్టిగోడ మెత్తునప్పుడు వరిగడ్డిని బెత్తెడు బెత్తెడుగా తఱిగి, పేడయు ఊకయు చేర్చి, కాళ్ళతో త్రొక్కించి, మూడు దినములు నాననిచ్చెడిది. "గడ్డి యెందుకు?" అని నేనడుగగా, "మట్టికి నరములుండవలెను గదరా" అనెడిది. ఆ గడ్డికిని ఈ గాజు పట్టీకిని ఉన్న చుట్టఱికమే నేటి నా ప్రసంగము.

మొదట బీట యెందుకు పుట్టునో చూతము. మట్టి, సున్నము, సుద్ద, సిమెంటు ఇవి యన్నియు బరువును మోయుటలో గట్టివి, లాగుటకు మాత్రము ఓర్వలేనివి. నీటితో కలిపిన పూత ఆఱునప్పుడు కొంత ముడుచుకొనును. వెనుక గోడ ముడుచుకొనదు. ఆ పెనుగులాటలో పూత చీలును. పునాది ఒకవైపు క్రుంగినను, వానకు కఱ్ఱ ఉబ్బి ఎండకు ముడుచుకొనినను ఇదియే ఫలము. ఇట్టి పదార్థములో నారను గాని, గడ్డిని గాని, వెండ్రుకలను గాని కలిపితిమేని, చీలిక మొదలగు చోట ఆ పోగు ఈ దరిని ఆ దరిని పట్టుకొని నిలుచును. పెద్ద బీట కావలసినది కంటికి కనబడని సన్నని గీతలుగా విడిపోవును. పూత బరువును మోయును, పోగు లాగుడును ఓర్చును.

ఈ మర్మము మన పూర్వులకు తెలియును. వెదురు తడకకు ఇరువైపుల మట్టి మెత్తి గోడ చేయు పద్ధతి నేటికిని కొన్ని పల్లెలలో కలదు. అజంతా గుహలలో ఱాతిపై చిత్రములు వ్రాయుటకు ముందు చిత్రకారులు పూసిన మట్టిపూతలో వరిపొట్టు, గడ్డి, మొక్కల నార కనబడుచున్నవి. ఎల్లోరాలోని మట్టిపూతలో గంజాయిమొక్క నార కలిపిరని ఇటీవలి పరిశోధకులు సూక్ష్మదర్శినితో కనుగొనిరి. అజంతాలో పురుగులు పూతలోని గడ్డిని తినివేసి చిత్రములకు హాని చేసినవి. ఎల్లోరాలో ఆ బాధ తక్కువ. ఆ నారయే పురుగును దూరముగా నుంచెనని వారి యభిప్రాయము. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపాధ్యాయమను ప్రత్యేకాధ్యాయమే కలదు. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూవులు మున్నగువానిని నీటిలో కాచి, యెనిమిదవ వంతు మిగులునట్లు ఇగిర్చి, జిగురు ద్రవ్యములు చేర్చి, వేడిగా నుండగనే దేవాలయములకును విగ్రహములకును గోడలకును పూయవలెనని అందు విధింపబడినది. ఆఱవ శతాబ్దినాటి జ్యోతిష్కుడు నక్షత్రములతోపాటు గోడపూతను గూర్చియు వ్రాయుట చిన్నతనముగా నెంచలేదు.

పశ్చిమ దేశములందు రోమకులు ఈ విద్యలో ఘనులు. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో విట్రూవియస్ అను శిల్పి వాస్తువును గూర్చి పది ప్రకరణముల గ్రంథము వ్రాసెను. గోడకు ఇసుక కలిపిన సున్నపుపూత మూడు వరుసలు, చలువఱాతిపొడి కలిపిన పూత మూడు వరుసలు వేయవలెననియు, ఒక్కొక్క వరుసతో ముగించినచో పూత త్వరగా చీలుననియు నతడు చెప్పెను. తడకగోడలకు బీటలు తప్పవని యెఱిగి దానికొక ఉపాయమును జెప్పెను. గోడపై మట్టి మెత్తి, రెల్లును వరుసగా మేకులతో బిగించి, మరల మట్టి మెత్తి, ఈమాఱు రెల్లును అడ్డముగా బిగించి, ఆ పైని సున్నము పూయవలెనట. నిలువున నొక వరుస, అడ్డముగా నొక వరుస. దీనినే కదా నేడు మనము వల యనుచున్నాము! రెండు వేల యేండ్లనాటి ఆ రెల్లువలకును, మావాడు చుట్టగా కొనితెచ్చిన పట్టీకిని పదార్థములో భేదమే గాని తత్త్వములో భేదము లేదు. ఒకటవ శతాబ్దివాడగు ప్లినీ మఱియొక మాట వ్రాసెను. మూడేండ్లు మాగని సున్నమును గుత్తదారు వాడరాదని పూర్వపు కట్టడి యుండెననియు, అందుచేతనే ఆనాటి గోడపూతలకు బీటలు రాలేదనియు నతని వాక్యతాత్పర్యము. మన మేస్త్రీలు సున్నమును గోతిలో నానవేసి, గానుగలో నూఱి, బెల్లపునీరు, కరక్కాయ కషాయము చేర్చుటయు నీ జాగ్రత్తలోనిదే.

ఇక సుద్దగోడ కథకు వత్తము. ఆ సుద్ద పేరు జిప్సము. మన వైద్యులు గోదంతి యని వ్యవహరించునది యిదియే. ఆవుపంటిని పోలియుండుటచే దానికా పేరు. ఈ ఱాతిని సున్నపుఱాయివలె తొమ్మిదివందల డిగ్రీల వేడిమిలో కాల్చనక్కఱలేదు. నూటయేబది డిగ్రీల ప్రాంతమున వేచినను చాలును. అప్పుడు దానిలోని నీరు చాలవఱకు పోయి పొడియగును. ఆ పొడికి మరల నీరు కలిపిన కొన్ని నిమిషములలోనే ఱాయియై గట్టిపడును. ప్యారిస్ నగరమునందలి మోంమార్త్ర్ గుట్టలో ఈ ఱాయి విస్తారముగా దొరకుటచే దాని పొడికి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అను పేరు స్థిరపడినది. పోయిన నీరే మరల చేరి ఱాయి యగుచున్నదని ప్రయోగపూర్వకముగా చూపినవాడు లవాజియే. ఆ విషయమును 1765లో ప్యారిస్ విజ్ఞాన పరిషత్తున చదివెను. అప్పటికాతనికి ఇరువదిరెండేండ్ల లోపు వయస్సు. నవీన రసాయనశాస్త్రమునకు ఆద్యుడని ఖ్యాతిగాంచిన ఆ మహనీయుని తొలి పరిశోధన గోడసుద్దను గూర్చినదే.

ఈ సుద్దకు మఱియొక గుణము కలదు. దాని తూకములో నించుమించు అయిదవవంతు నీరు ఱాతితో కూడియుండును. నిప్పంటుకొన్నప్పుడు ఆ నీరు ఆవిరియై వెడలుచున్నంతసేపు వెనుకనున్న కఱ్ఱ కాలదు. 1666లో లండను నగరము దగ్ధమైన మఱుసటి యేడు ఫ్రెంచి ప్రభుత్వము ప్యారిస్‌లోని కఱ్ఱయిండ్లకు సుద్దపూత పూయవలెనని శాసించుట కిదియే కారణము.

యూరపులోను అమెరికాలోను కఱ్ఱచట్రముల యిండ్లు మెండు. అక్కడి లోపలిగోడను చేయు విధము చిత్రమైనది. నిలువుకఱ్ఱలకు సన్నని చెక్కబద్దలను వ్రేలి మందము సందులు విడిచి అడ్డముగా కొట్టుదురు. వానిపై సున్నమునో సుద్దనో తాపీతో అదిమినప్పుడు, కొంత ఆ సందులగుండ వెనుకకు పోయి కొక్కెమువలె పట్టుకొనును. మూడు వరుసల పూత. తొలి పూతలో పశువుల వెండ్రుకలు కలుపుదురు. ఒక వరుస ఆఱిన పిమ్మట మఱియొకటి. ఇంటిపని ముగియుటకు వారములు పట్టెడిది. 1856లో దసాషీ యను ఫ్రెంచి శిల్పి సుద్దలో గుడ్డనేతను పొదిగి పలుచని బిళ్ళలుగా పోతపోయు పద్ధతికి ఇంగ్లండులో హక్కుపత్రము పొందెను. తరువాత జనపనారతో పలుచగా నేసిన గోనెపట్టీలను అతుకులపై పొదుగుట బ్రిటిషు మేస్త్రీలకు పరిపాటి యయ్యెను.

అమెరికాలో అగస్టైన్ సాకెట్ అనువాడు 1894లో మఱియొక యడుగు వేసెను. కాగితపు పొరల నడుమ సుద్దను పఱచి పలకలు చేసి దానికి హక్కుపత్రము పొందెను. 1902లో ఏర్పడిన యునైటెడ్ స్టేట్స్ జిప్సమ్ కంపెనీ 1909లో సాకెట్ సంస్థను కొని, కొలది యేండ్లలోనే రెండు కాగితముల నడుమ ఒకే సుద్దపొర యుండు పలకను షీట్‌రాక్ అను పేరుతో అంగడికి తెచ్చెను. నీళ్ళు కలిపి గోడపై పూయు పని లేదు గనుక దీనికి పొడిగోడ యను నర్థమున డ్రైవాల్ అను పేరు వచ్చినది.

జనులు వెంటనే దీని నాదరింపలేదు. పలక గోడ పేదవాని గోడ యనియు, పూతగోడయే గృహస్థుని గోడ యనియు భావించిరి. ఆ భావమును మార్చినది యుద్ధము. రెండవ ప్రపంచయుద్ధకాలమున పనివారు సైన్యమునకు పోయిరి. సైనికుల వసతులు మాత్రము దినములలో లేవవలసి వచ్చినవి. యుద్ధము ముగియగనే తిరిగివచ్చినవారికి ఇండ్లు లేవు. న్యూయార్కు సమీపమున లెవిట్‌టౌన్ అను కాలనీ 1947లో మొదలై 1951 నాటికి 17,000కు పైగా ఇండ్లతో నిండినది. ఆ వేగము మూడు వరుసల పూతతో సాధ్యమగునది కాదు. పలకగోడకే గెలుపు దక్కెను. పూతమేస్త్రీల తరతరముల విద్య సన్నగిల్లెను. లాభమును నష్టమును ఒక్క తలుపుననే వచ్చుట చరిత్రలో వింత గాదు.

అయితే పలకగోడకు పుట్టుకతోనే బీట కలదు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల పలకలను ప్రక్కప్రక్కన బిగించినప్పుడు ప్రతి కూడలియు నొక బీటయే. కావున పలక అంచును కొంచెము పలుచగా చేయుదురు. రెండంచులు కలిసినచోట లోతు తక్కువ కాలువ యేర్పడును. అందు లప్పము నింపి, కాగితపు పట్టీని అదిమి, పైన మఱి రెండు వరుసలు వెడల్పుగా లాగుదురు. పట్టీ లేనిచో ఎంత లప్పము పెట్టినను, ఇల్లు కొంచెము కదలగనే ఆ గీత మరల తేలును. గాజును సన్నని పోగులుగా తీయు పరిశ్రమ 1930 తరువాత అమెరికాలో అభివృద్ధి నొందెను. ఆ పోగులతో అల్లినదే నేను చూచిన మెష్ టేపు. దాని వెనుక బంక యుండుటచే అది తనంతట అంటుకొనును. గళ్ళలోనుండి లప్పము చొచ్చుకొనిపోయి గోడను పట్టును. కాగితమువలె అది బుడగలు కట్టదు. కాని కాగితముకంటె కొంచెము సాగును. అందుచే మొదటి వరుసకు గాలికి ఆఱు లప్పము చాలదు, నీటితో గట్టిపడు సుద్దలప్పమునే వాడవలెను. గది మూలలకు మడత నిలుచు కాగితపు పట్టీయే మేలు.

బొక్కను పూడ్చు క్రమము వినుడు. చిన్న మేకురంధ్రమునకు లప్పమే చాలును, పట్టీ యక్కఱలేదు. పిడికిలి పట్టునంత బొక్కయైనచో, చుట్టునున్న నలిగిన భాగమును చతురస్రముగా కోసి తీసివేయవలెను. నలిగిన అంచుపై అతుకు నిలువదు. లోపల రీపరు ముక్కలను అడ్డముగా పెట్టి మఱలతో బిగించి, వానిపై సరిపడిన పలకముక్కను కూర్చవలెను. నాలుగు అతుకులపై పట్టీ అంటించి, లప్పమును మూడు వరుసలుగా, వరుసవరుసకు వెడల్పు పెంచుచు, ఆఱనిచ్చి ఆఱనిచ్చి పెట్టవలెను. తుదకు ఉప్పుకాగితముతో మెల్లగా రుద్ది రంగు వేయవలెను. బీటయైనచో దాని నోటిని కొంచెము విప్పి, వదులు పొడిని దులిపి, పిదప పట్టీ వేయవలెను. తొందరపడి ఒక్కమాఱే మందముగా పూసినవాని పని మరునాడే పగులును.

ఉప్పుకాగితమనగా నొక విషాదకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. లప్పము చీలకుండుటకై అందును పోగు కలుపుట కలదు. చిరకాలము ఆ పోగు ఱాతినారయై యుండెను. దానినే ఆస్‌బెస్టాస్ అందురు. దానిని రుద్దినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దముల తరువాత ప్రాణాంతకమగు వ్యాధులను పుట్టించును. అమెరికా ప్రభుత్వము 1977లో అట్టి లప్పములను నిషేధించెను. అప్పటికే ఎందఱో పనివారు ఆ ధూళిని పీల్చియుండిరి. నేటి లప్పపు ధూళియు మంచిది కాదు. రుద్దువాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనక తప్పదు. గోడ నునుపు మనుష్యుని ఊపిరికంటె విలువైనది గాదు.

అతుకు మంచిదైనను, గోడ స్వభావమునకు సరిపడనిచో హాని చేయును. అజంతా గుహలు నాడు హైదరాబాదు సంస్థానములోనివి. 1914లో సంస్థానము పురావస్తుశాఖను నెలకొల్పి గులాం యజ్దానీగారి నధిపతిగా నియమించెను. ఱాతినుండి విడిపోవుచున్న చిత్రముల పూతను నిలుపుటకై 1920లో ఇటలీనుండి లొరెంజో చెక్కోనిని, కౌంట్ ఓర్సినిని పిలిపించిరి. వారు రెండేండ్లు శ్రమించి ఊడు పూతను మరల ఱాతికి పట్టించిరి. వారి శ్రమ లేనిచో నేడు కొన్ని చిత్రములు మనకు మిగిలెడివి కావు. కాని చిత్రములకు రక్షగా వారు పూసిన లక్కవార్నిషు కాలక్రమమున పసుపువన్నెకు తిరిగి నల్లబడి, రంగులను మఱుగుపఱచినది. దానిని తొలగించుటకు తరువాతి తరముల రసాయనజ్ఞులు ఎంతో ప్రయాసపడవలసి వచ్చినది. ఆ మహాశయులను నిందించుట నా యుద్దేశము గాదు. తమ కాలమున తెలిసిన మేలైన దానినే వారు వాడిరి.

1591లో కట్టబడిన చార్మినారునందు 2019 మే నెలలో నైరుతి మినారు గచ్చుపూత కొంత ఊడిపడినది. దానిని మరల సున్నముతోనే బాగుచేసిరి. సిమెంటు గట్టిది గదా, అదేల వాడలేదని మీరడుగవచ్చును. సున్నపుగోడయు మట్టిగోడయు తమలోని చెమ్మను పైపూత ద్వారమున బయటికి విడుచును. పైన సిమెంటు పూసినచో ఆ త్రోవ మూసికొనును. చెమ్మ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, మెత్తని గోడ గుల్లయగును. గట్టి సిమెంటు పెచ్చు మాత్రము పెళుసుగా నిలిచి యొకనాడు గోడచర్మముతో సహా ఊడును. మన పల్లెలలో తాతలనాటి సున్నపుటిండ్లు సిమెంటు పూత చేతనే చెడుట నేను కన్నులార చూచుచున్నాను. పాతగోడకు సున్నము, మట్టిగోడకు మట్టి, పలకగోడకు సుద్ద యనునది మీరు మఱువరాదు.

తుదకు నా సొంత తప్పిదము నొకటి చెప్పి ముగించెదను. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండిన యొక పల్లెబడి నల్లరేగడి నేలలో నుండెను. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానితో పునాదియు కదలును. తూర్పుగోడలో మూలనుండి కిటికీవఱకు ఏటవాలుగా నొక బీట యుండెడిది. ఏటేట వేసవిలో దానిని పూడ్పించి, వెల్ల వేయించి, రిజిస్టరులో "మరమ్మతు పూర్తి" యని సంతకము చేసితిని. ఏటేట అది మరల విచ్చినది, కొంచెము వెడల్పుగా. మూడవయేట శ్రావణమాసమున నొక ఆదివారము రాత్రి ఆ గోడ కూలినది. మఱునాడు ఉదయము బల్లలపై పడియున్న ఇటుకలను చూచినప్పుడు నా కాళ్ళు వణకినవి. సోమవారము పదిగంటలకు ఆ బల్లలపై ముప్పదిమంది పిల్లలు కూర్చుండవలసినవారు. ఆ రిజిస్టరులోని సంతకము నాది.

ఆ గోడ నాకు నేర్పినది మీకు విన్నవించుచున్నాను. బీటను పూడ్చుటకు ముందు దానిని చదువవలెను. వెండ్రుకవాసి గీతలు పూతలోనివి. వానికి లప్పము చాలును. ఏటవాలుగా సాగి, వ్రేలు దూరునంత వెడల్పై, ఏటేట పెరుగు బీట పునాది వేయు కేక. సందేహమున్నచో బీటకు అడ్డముగా సుద్దముద్దనో కాగితపుముక్కనో అంటించి, దానిపై తేదీ వ్రాసి యుంచుడు. ఒక వానకాలము, ఒక వేసవి గడచినను అది చెక్కుచెదరకున్నచో నిశ్చింతగా పూడ్చుడు. అది చిరిగినచో మేస్త్రీని పునాది చూడుమనుడు. మీ యూరి బడిగోడను, గుడిగోడను, గ్రంథాలయపు గోడను ఈ వారములోనే యొకమాఱు చుట్టి చూచి రండు. పట్టీ యెంత గొప్పదైనను కదలుచున్న గోడను నిలుపదు. కదలిక ఆగిన గోడకే అది తోడగును.